పాపికొండల పాట కూడా మన గోదావరి సాహిత్యమే: ఉభయ గోదావరి సాహితీ సంఘాలకు బహిరంగ లేఖ

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం, ఏలూరు సాహితీ సంఘాల పెద్దలకు, గ్రంథాలయాలు నడుపుతున్న వారికి,

నమస్కారం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ప్రత్యేక సంచికలు, కవి సమ్మేళనాలు, సన్మానాలు ఎలాగూ ఉంటాయి. ఉండాలి కూడా. వాటికోసం మీరు పోగుచేసే డబ్బులోంచి, మీ మనుషుల తీరికలోంచి కొంత పక్కకు తీసి ఒక్క పని చేయించండని అడగడానికే ఈ ఉత్తరం. పాపికొండల్లో గోదావరి గట్టున తరతరాలుగా బతికిన గిరిజనులైన కొండరెడ్ల, కోయల పాటలు, కథలు, వాళ్ళ ఊళ్ళ చరిత్రలు, వాగులకూ రాళ్ళకూ చెట్లకూ వాళ్ళు పెట్టుకున్న పేర్లు, వాళ్ళ నోటి నుంచే విని రికార్డు చేయించండి. పోలవరం జలాశయం నిండేలోగా ఇది జరగాలి.

నేను కోనసీమలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. గోదావరి మీద పద్యాలూ పాటలూ చెప్పేటప్పుడు పిల్లలకు నది ఎటు నుంచి వస్తుందో కూడా చూపించాలనిపిస్తుంది నాకు. మా క్లాసు కిటికీలోంచి కనిపించేది పంట కాలువ. ఆ కాలువ ధవళేశ్వరం నుంచి వస్తుందని ప్రతి పిల్లాడికీ తెలుసు. ధవళేశ్వరానికి ముందు ఏముందంటే మాత్రం పాపికొండలు అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. మాస్టర్లం మేమూ అక్కడే ఆగిపోతున్నాం, ఎందుకంటే అంతకు మించి చెప్పడానికి మా చేతిలో పుస్తకం లేదు.

రాజమండ్రి దగ్గర గోదావరి మైళ్ళ వెడల్పున పరుచుకుని ఉంటుంది. ఎగువన పోలవరం దాటి, దేవీపట్నం వైపు పడవ ఎక్కి వెళ్ళేకొద్దీ రెండు వైపుల నుంచీ కొండలు దగ్గరకు జరుగుతాయి. వెడల్పు కొన్ని వందల మీటర్లకు వచ్చేస్తుంది. అంత నీరూ ఆ ఇరుకులోనే పోవాలి కాబట్టి లోతు పెరుగుతుంది. పైకి చూస్తే కదలిక లేనట్టుంటుంది గానీ అడుగున లాగుడు భయంకరం. ఒక మలుపు దగ్గర ఎదురుగా కొండ అడ్డం వచ్చేసి, నది ఇక్కడితో అయిపోయింది కాబోలు అనిపిస్తుంది. పడవ ఇంకాస్త ముందుకు పోయాక ఆ కొండ పక్కన సందు కనపడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన దారి మూసుకుపోయి ఉంటుంది. శీతాకాలంలో బాగా పొద్దెక్కితే గానీ ఆ ఇరుకులోకి ఎండ దిగదు. ఒడ్డున ఇసుక తిన్నె, దాని పైన వెదురు, ఆ పైన మద్దులు, ఇంకా పైన రాతి బోడులు. తూర్పు కనుమలను కోసుకుంటూ గోదావరి సముద్రం వైపు తెచ్చుకున్న దారి అది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే నది, కూనవరం దగ్గర శబరిని కలుపుకుని, ఆ సందులోంచి దూరి వస్తే గానీ మన డెల్టాకి చుక్క నీరు లేదు. పది లక్షల ఎకరాల మన పంట ఆ దారి మీదే ఆధారపడి ఉంది.

ఆ అడవిని 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. పులి, చిరుత, అడవిదున్న, కణితి, దుప్పి, బెట్టుడుత ఉన్న అడవి. తెల్లవాళ్ళు ఈ కొండలకు అడవిదున్న పేరే పెట్టి బైసన్ హిల్స్ అన్నారు. జంతువుల లెక్క, చెట్ల లెక్క అటవీశాఖ రాసుకుంటోంది, సంతోషం. మనుషుల నోట ఉన్నదాన్ని రాసుకోవలసింది మనం.

మన సాహిత్యం గోదావరికి ఏం తక్కువ చేసిందని మీరు అడగవచ్చు. కింది గోదావరికి ఏమీ తక్కువ చేయలేదు. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టింది ఈ ఒడ్డునే. శ్రీనాథుడు దాక్షారామ భీమేశ్వరుడి మీద ఒక పురాణమే రాశాడు. నది సముద్రంలో కలిసే చోట పాయకో ఋషి పేరు పెట్టుకుని కథలు చెప్పుకున్నాం. అడివి బాపిరాజు గారి వరద గోదావరి పాట రాని గోదావరి పిల్లలు మా కాలంలో అరుదు. ఎగువన భద్రాచలానికి రామదాసు కీర్తనలు ఉండనే ఉన్నాయి. విశ్వనాథ సత్యనారాయణ గారు భద్రాచలం పక్కనున్న చిన్న వాగును పట్టుకుని కిన్నెరసాని పాటలు రాశారు. అత్తింట కష్టపడ్డ కోడలు అడవిలోకి వెళ్ళి ఏరైపోతుంది, ఆమెను పట్టుకున్న మగడు రాయైపోతాడు, సముద్రుడి కన్ను పడితే గోదావరి తల్లి ఆమెను తనలో దాచుకుంటుంది. పాఠం చెబుతూ నేను ఇప్పటికీ గొంతు పూడుకుపోయే చోటు అది. ఆ కిన్నెరసాని నీళ్ళు గోదావరిలో కలిసి పాపికొండల సందులోంచే మన దగ్గరకు వస్తాయి. భద్రాద్రికీ రాజమండ్రికీ మధ్య కొండల్లో ఉన్న ఊళ్ళకు మాత్రం మన సాహిత్యంలో చోటు చాలా తక్కువ.

పాపికొండలను మన రాతల్లోనూ సినిమాల్లోనూ చూసింది ఎక్కువగా పడవ మీద నుంచే. 1973లో బాపు రమణల అందాల రాముడు, 2006లో శేఖర్ కమ్ముల గోదావరి, రెండూ లాంచీ ప్రయాణాలే. రెండూ నాకు ఇష్టం. వాటిని చూశాకే చాలామంది తెలుగువాళ్ళకు ఆ కొండలు చూడాలనే కోరిక పుట్టింది. కానీ లాంచీ ఆగిన చోట ఒడ్డున నిలబడ్డ మనిషి ఎవరు, అతను రాత్రి పిల్లలకు ఏ కథ చెబుతాడు, ఎదురుగా ఉన్న కొండను ఏమని పిలుస్తాడు అన్న సంగతి లాంచీలో కూర్చున్నవాడికి తెలిసే వీలు లేదు. ఇప్పుడు పర్యాటక పడవల్లో మైకు పట్టుకున్న కుర్రాడు ఏ సినిమా షూటింగు ఎక్కడ జరిగిందో చెబుతూ పోతాడు. అతని తప్పేం లేదు. మనం అతనికి అంతకంటే మంచి మాట రాసి ఇవ్వలేదు.

ఒడ్డున ఉన్న మనిషి గురించి శ్రద్ధగా రాసినవాడు ఒకాయన ఉన్నాడు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఉండిపోయి, ఈ కొండల్లో తిరిగి, కొండరెడ్ల మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. 1945లో అచ్చయింది. ఎక్కడ పోడు కొట్టుకుంటారు, ఏ నెలలో ఏం తింటారు, వెదురు వ్యాపారి చేతిలో ఎలా మోసపోతున్నారు, పెళ్ళిళ్ళు, చావులు, దేవతలు, అన్నీ రాశాడు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఇంగ్లీషులో చేసిన పనిని, అరపూట ప్రయాణం దూరంలో ఉన్న మనం తెలుగులో చేయకపోవడం నాకు బాధగా ఉంది. పైగా కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. వాళ్ళ పాట అర్థం చేసుకోవడానికి మనకు దుబాసీ అక్కర్లేదు. కోయవాళ్ళకు వేరే భాష ఉంది, వాళ్ళ రేల పాటలకు కోయ తెలిసిన పిల్లల సాయం కావాలి. చదువుకున్న కోయ పిల్లలు ఇప్పుడు ఏజెన్సీలో కావలసినంత మంది ఉన్నారు.

వాళ్ళ తెలుగులో ఏముందో ఒక్క ఉదాహరణ చెబుతాను. జంగారెడ్డిగూడెం వైపు పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళకు కట్టిన ఒక పునరావాస కాలనీకి బంధువులతో కలిసి వెళ్ళినప్పుడు, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గర మామిడి టెంకల అంబలి సంగతి వచ్చింది. వానాకాలం గింజలు అయిపోయినప్పుడు కొండరెడ్లను బతికించే తిండి అది. మామిడి కాలంలో టెంకలన్నీ పోగుచేసి ఎండబెడతారు. పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. జీడిని నలగ్గొట్టి బుట్టకెత్తి, పారే వాగులో రాళ్ళ మధ్య ఒదిగించి పెడతారు. వగరంతా నీళ్ళతో పోయేదాకా బుట్ట అక్కడే ఉండాలి. తర్వాత ఆరబెట్టి, దంచి, పిండి చేసి అంబలి కాస్తారు. ఏ వాగు నీళ్ళలో వగరు తొందరగా పోతుంది, బుట్ట ఏ చెట్టు నీడన పెట్టాలి, కోతులు రాకుండా పైన ఏ రాయి పెట్టాలి, ఆవిడ చేతులతో చూపిస్తూ చెప్పింది. మధ్యలో రెండు చరణాలు పాడింది కూడా, టెంకలు కొట్టేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాటట. ఇక్కడ కూడా చేసుకుంటున్నారా అమ్మా అని అడిగాను. "కుళాయి నీళ్ళలో వగరు పోదు బాబూ, పారే నీళ్ళు కావాలి" అంది.

ఆ కాలనీలో సిమెంటు రోడ్డుంది, కరెంటుంది, బడి దగ్గర. అవి కావలసినవే. కానీ వాగు లేదు. వాగు లేకపోతే టెంకల అంబలి లేదు, అంబలి లేకపోతే ఆ పాట పాడవలసిన సందర్భం లేదు. ఆవిడ మనవరాలు పక్కనే నిలబడి నవ్వుతూ వింది గానీ ఆ పాట తనకు రాదంది. మామిడి కొత్త, భూదేవి పండుగలాంటివి కాలనీల్లోనూ చేసుకుంటున్నారు. అయితే ఆ పండుగ పాటల్లో వచ్చే కొండ పేరు, రేవు పేరు వినే పిల్లలకు ఎదురుగా చూపించడానికి ఏమీ లేదు. నాకు ఈ పని తొందరపడి చేయాలనిపించింది అక్కడే.

పోలవరం ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అన్న వాదన ఈ ఉత్తరంలో పెట్టను. ఆ నీళ్ళ కోసం ఎదురుచూసే రైతులు మా ఇళ్ళల్లోనూ ఉన్నారు. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 దాకా నింపుతామంటున్నారు. కాఫర్ డ్యామ్ (అసలు డ్యాము పని కోసం నీటిని ఆపే తాత్కాలిక కట్ట) కట్టినప్పటి నుంచే వరద వస్తే దేవీపట్నం చుట్టుపక్కల ఊళ్ళు నీళ్ళలో ఉంటున్నాయి, గండి పోచమ్మ గుడి మునుగుతోంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఆ గట్టు మీద ఊళ్ళ పరిస్థితి పేపర్లలో మీరూ చూశారు. తొయ్యేరు, కొండమొదలు, కొరుటూరు, టేకూరు, కొల్లూరు, ఇలా ఆ గట్టున ఒక్కో ఊరిదీ ఒక్కో కథ. ఆ జలాశయం నీళ్ళలో మన డెల్టాకీ వాటా ఉంది. అందుకే వాళ్ళు వదిలి వస్తున్నదాన్ని రాసి ఉంచే బాధ్యతలో కూడా మనకు వాటా ఉందని నా అభిప్రాయం. నష్టపరిహారం లెక్కల్లో ఎకరాలు ఉంటాయి, ఇళ్ళు ఉంటాయి, చెట్లు ఉంటాయి. పాటకు ఏ గడీ ఉండదు.

చరిత్ర పాఠం చెప్పేటప్పుడు కూడా ఇదే లోటు కనపడుతుంది. రంప పితూరీ (తిరుగుబాటు) అంటే మా పిల్లలకు అల్లూరి సీతారామరాజు, 1922. ఆయన సొంతూరు మోగల్లు మన భీమవరం పక్కనే కాబట్టి ఆయన మనవాడన్న గర్వం ఉంది, ఉండాలి. ఆయన కొండ ఎక్కి, అక్కడి మనుషులతో బతికి, వాళ్ళ కోసం 1924లో ప్రాణం ఇచ్చాడు. ఆయన మీద బుర్రకథలు, నాటకాలు, సినిమాలు వచ్చాయి. కానీ ఆయనకు నలభై ఏళ్ళ ముందే, 1879లో, ఆ కొండలు ఇంకా పెద్దగా మండాయి. జీలుగు (తాటి జాతి చెట్టు) కల్లు మీద పన్ను వేయడం దానికి ఒక ముఖ్య కారణం. చిగురుపన్ను అని ఒక పన్ను ఉండేది. ఇంటి పెరట్లో చెట్టు నుంచి తాగడానికి దింపుకునే కల్లుకు డబ్బు కట్టమన్నారు. కొండ మనిషికి జీలుగు చెట్టంటే ఆకలి నెలల్లో అన్నం లాంటిదని తెలిసినవాడికి ఆ కోపం అర్థమవుతుంది. ఆ తిరుగుబాటుకు ముందు నిలిచిన కారం తమ్మన్న దొర పేరు మన పాఠ్యపుస్తకాలు చదివే ఎంతమంది పిల్లలకు తెలుసు? ఆయన గురించి కొండల్లో చెప్పుకునే కథలు ఉన్నాయంటే వాటిని వినేవాళ్ళు కావాలి. గెజెటీర్లలో ఉన్నది ప్రభుత్వం వైపు కథ.

ఇంకో సంగతి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు, ముందుగా నాటు పడవలేసుకుని వెళ్ళి బతికున్నవాళ్ళను ఒడ్డుకు చేర్చింది అక్కడి గిరిజనులే. ఆ చోట నీరు ఎలా తిరుగుతుందో వాళ్ళకు తెలుసు. వరద రోజుల్లో ఆ మలుపు దగ్గర ఎటు నుంచి పోవాలి, ఏ రాయి ఏ మట్టంలో మునుగుతుంది అన్నది పుస్తకం చూసి నేర్చుకున్న విద్య కాదు, పెద్దలు పేర్లతో, కథలతో చెప్పిన విద్య. దాన్ని మనం సాహిత్యం కిందే లెక్కపెట్టాలి.

ఇది చేతకాని పనేం కాదండీ. రాజమండ్రి పక్కన కొంతమూరు మనిషి నేదునూరి గంగాధరం గారు, టేపు రికార్డర్లు ఇంటింటా లేని రోజుల్లో, ఊరూరా తిరిగి జానపదుల పాటలు సేకరించి మిన్నేరు, మున్నీరు, పన్నీరు అని సంపుటాలు వేశారు. ఒక్క మనిషి అంత చేశాడు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనుంది. మన దగ్గర నన్నయ పేరు మీద విశ్వవిద్యాలయం ఉంది, బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్య పీఠం ఉంది, గౌతమీ గ్రంథాలయం ఉంది, రంపచోడవరంలో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. వీళ్ళందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగింది మీరే. మీరు పిలిస్తే వస్తారు.

చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు మాత్రం ముందే అనుకోవాలి. పాట పాడినావిడకు, కథ చెప్పినాయనకు కూలి నష్టం కట్టివ్వడం కాకుండా, సభలో కవికి ఇచ్చే పారితోషికం ఇవ్వాలి. ఒప్పుకుంటే వాళ్ళ పేరు పుస్తకం మీద వేయాలి. వద్దన్న పాట వదిలేయాలి, దేవతల పాటలు కొన్ని బయటివాళ్ళ ముందు పాడరు. వాళ్ళ మాటను మన వాడుకలోకి దిద్దకూడదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి, కింద అర్థం ఇవ్వాలి. ఊళ్ళు ఖాళీ అయినవాళ్ళ దగ్గరకు కాలనీలకు వెళ్ళాలి. వీలైతే పాటలు వచ్చిన పెద్దవాళ్ళను ఒకసారి పడవలో వాళ్ళ పాత రేవుకు తీసుకెళ్ళి, అక్కడ నిలబడి చెప్పించుకోవాలి. కొండను చూస్తే గుర్తొచ్చే కథలు అరుగు మీద కూర్చుంటే గుర్తు రావు. ఈ పని మొత్తాన్ని ఏజెన్సీలో డిగ్రీలు చదువుకున్న కొండరెడ్డి, కోయ పిల్లల చేతుల్లో పెట్టి, మనం సాయంగా ఉంటే ఇంకా మంచిది. రికార్డింగుల కాపీలు గౌతమీ గ్రంథాలయంలో ఎలా ఉంటాయో ఆ కాలనీల బడుల్లోనూ అలాగే ఉండాలి.

అటవీశాఖ, పర్యాటకశాఖ అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే వారికి ఒక్క మాట. ఆ పడవల్లో మైకులో చెప్పే మాటలను, రేవుల దగ్గర పెట్టే బోర్డులను ఆ ఊళ్ళవాళ్ళ చేత రాయించండి. గైడు ఉద్యోగాలు ముందు ఆ గట్టున పుట్టిన పిల్లలకు ఇవ్వండి. పేరంటపల్లి గుడి దగ్గర వెదురు బొమ్మలు అమ్ముకునే ఆడవాళ్ళకు ఒక నీడ వేయించండి. ఆ అడవికి వచ్చిపోయే జనం వల్ల ఆ మనుషులకు దక్కవలసినవి ఇవి.

మళ్ళీ మీ దగ్గరకే వస్తాను. వరద రోజులు పోయి, దసరా దాటాక, ఆ దారుల్లో తిరగడం సులువు. సంక్రాంతి తర్వాత జీలుగు కల్లు కాలం, ఆ తర్వాత మామిడి. రెండు కాలాలూ చూస్తే చాలా పాటలు వాటంతటవే వినపడతాయి. మా బడిలో నాతో పాటు ముగ్గురు టీచర్లు, సంగీతం తెలిసిన ఒక అమ్మాయి సెలవుల్లో రావడానికి సిద్ధంగా ఉన్నారు, దారిఖర్చులు మావే. మీ సంఘం నుంచి ఎవరు వస్తారో, మీ దగ్గర మంచి రికార్డింగ్ సామాను ఏమైనా ఉందో, ఏ ఊరి కాలనీ మీకు దగ్గరో మీ తదుపరి సమావేశంలో తేల్చి చెప్పండి. ఊళ్ళు పంచుకుని మొదలుపెడదాం.

ఇట్లు
మీ
కోనసీమ తెలుగు మాస్టారు